డెల్టా మారిందా, సెన్సార్ మారిందా? ఉపగ్రహాల కొలతను విమానాలు సరిచేసే తీరు

ఒకే దాళ్వా చేను మీదుగా ఒకే పూట రెండు ఉపగ్రహాలు వెళ్ళాయనుకుందాం. ముమ్మిడివరం వైపు వరి, నాట్లు వేసి నెలన్నర దాటింది, పిలకలు బాగా వేసి చేను నిండుగా ఉంది. 705 కిలోమీటర్ల ఎత్తు నుంచి లాండ్‌శాట్-9 దాన్ని చూసింది. 786 కిలోమీటర్ల నుంచి సెంటినెల్-2 చూసింది. పైరు పచ్చదనాన్ని ఒక్క అంకెలో చెప్పే సూచిక ఎన్‌డీవీఐ. మొదటి ఉపగ్రహం లెక్కలో అది 0.78 వచ్చింది, రెండోదాని లెక్కలో 0.70. చేను ఒకటే, రైతు ఒకరే, వేసిన యూరియా కూడా అదే. మరి ఏ అంకెను నమ్మాలి?

ఈ తేడా ఎంత సులువుగా వస్తుందో చూడండి. ఆరోగ్యంగా ఉన్న వరి తన మీద పడిన ఎర్ర కాంతిలో సుమారు 5 శాతం, కంటికి కనిపించని సమీప పరారుణ కాంతిలో సుమారు 40 శాతం తిప్పి పంపుతుందనుకుందాం. ఈ రెంటి తేడాను రెంటి మొత్తంతో భాగిస్తే ఎన్‌డీవీఐ వస్తుంది. 35ను 45తో భాగిస్తే 0.78. ఇప్పుడు ఆకాశంలో పొగమంచో, దుమ్మో ఎర్ర కాంతికి ఇంకో 2 శాతం కలిపిందనుకోండి. లేదా ఆ ఉపగ్రహం ఎర్ర పట్టీని, అంటే తాను కొలిచే కాంతిలో ఎర్ర రంగు భాగాన్ని, ఆ మేరకు ఎక్కువగా చదువుతోందనుకోండి. 33ను 47తో భాగించాలి. 0.70. పొలంలో ఏ మార్పూ లేకుండానే సూచిక పడిపోయింది. దాన్ని చూసిన వ్యవసాయ విశ్లేషకుడు తెగులు తగిలిందనుకోవచ్చు, నత్రజని చాలలేదనుకోవచ్చు, చివరి భూములకు కాలువ నీరు అందలేదనీ అనుకోవచ్చు.

ఇప్పుడు ఆ అనుకోవడాలకు డబ్బు విలువ వచ్చింది. ప్రధానమంత్రి ఫసల్ బీమా యోజనలో 2023 ఖరీఫ్ నుంచి వరి, గోధుమ దిగుబడి అంచనాలో ఉపగ్రహాలు తదితర సాంకేతిక పద్ధతులకు కనీసం 30 శాతం వెయిటేజీ ఇవ్వాలని నిర్ణయించారు. పంట కోత ప్రయోగం పక్కన పైనుంచి తీసిన కొలత కూడా కూర్చుంది. అందుకే ఆ కొలత ఎక్కడ పుడుతుందో, ఎలా చెడుతుందో, ఎవరు సరిచేస్తారో తెలుసుకోవడం గోదావరి డెల్టాలో ఉన్నవాళ్ళకి అవసరమని నా అభిప్రాయం.

ఉపగ్రహంలోని సెన్సార్ నేరుగా పచ్చదనాన్ని కొలవదు. దాని డిటెక్టర్ మీద కాంతి పడితే కొద్దిపాటి విద్యుత్తు పుడుతుంది. ఆ విద్యుత్తు ఒక అంకెగా మారి కిందికి వస్తుంది. 3,412 అని వచ్చిందనుకోండి, అది ఎంత కాంతికి సమానమో చెప్పే గుణకం వేరే ఉంటుంది. ఆ గుణకాన్ని ప్రయోగానికి ముందు ప్రయోగశాలలో ఎంతో శ్రద్ధగా తేలుస్తారు. ఆ తర్వాత రాకెట్ ఆ పరికరాన్ని కుదిపేస్తుంది. పైన శూన్యం, ఒక పక్క మండే ఎండ, మరో పక్క గడ్డకట్టే చలి. అతినీలలోహిత కిరణాలకు అద్దాల పూత మసకబారుతుంది. కొన్ని ఉపగ్రహాల్లో తమను తాము సరిచూసుకోవడానికి ఒక తెల్లటి పలక పెడతారు. సూర్యకాంతి ఆ పలక మీద పడినప్పుడు సెన్సార్ దాన్ని చూస్తుంది. ఏళ్ళు గడిచేకొద్దీ ఎండకు ఆ పలక కూడా రంగు మారుతుంది.

ఇది ఊహించి చెబుతున్న భయం కాదు, జరిగిన సంగతి. 1999 డిసెంబరులో నాసా పంపిన టెర్రా ఉపగ్రహంలో మోడిస్ అనే సెన్సార్ ఉంది. దాని కవల లాంటి ఇంకో మోడిస్ ఆక్వా అనే ఉపగ్రహంలో ఉంది. 2000 దశకంలో టెర్రా లెక్కల ప్రకారం ఉత్తర అమెరికాలో పచ్చదనం తగ్గుతూ వచ్చింది. ఆక్వా లెక్కలో ఆ తగ్గుదల కనబడలేదు. ఆరా తీస్తే టెర్రా మోడిస్ సున్నితత్వం తగ్గుతోందని, ముఖ్యంగా నీలం పట్టీలో ఆ అరుగుదల ఎక్కువని తేలింది. అడవులు ఎండిపోతున్నట్టు కనిపించిన దాంట్లో కొంత భాగం యంత్రం ముసలిదవడమే. తర్వాత డేటా మొత్తాన్ని కొత్త గుణకాలతో మళ్ళీ లెక్కగట్టి కలెక్షన్ 6 పేరుతో విడుదల చేశారు. ఆ లోపు పాత డేటాతో ఎంతమంది ఎన్ని పరిశోధనలు చేసి ఉంటారో!

ధాన్యం అమ్మిన ప్రతి ఒక్కరికీ ఇలాంటి గొడవ తెలుసు. ప్రభుత్వ కొనుగోలులో ధాన్యానికి తేమ 17 శాతం మించకూడదు. కల్లంలో ఒక మీటరు 17 చూపిస్తుంది, అదే బస్తా మిల్లు గేటు దగ్గర ఇంకో మీటరు మీద 19 అంటుంది. రెండు మీటర్లూ తేమను నేరుగా కొలవవు. గింజల విద్యుత్ గుణాన్ని చూసి, లోపల పెట్టుకున్న పట్టిక ప్రకారం తేమను అంచనా వేస్తాయి. తగువు నిజంగా తేలాలంటే గింజల్ని తూచి, ఓవెన్‌లో ఎండబెట్టి, మళ్ళీ తూచాలి. ఏ మీటరు ఎంత తప్పు చెబుతోందో అప్పుడు బయటపడుతుంది. మీటరును ఓవెన్ ఉన్న చోటికి తీసుకెళ్ళొచ్చు. ఉపగ్రహాన్ని తీసుకెళ్ళలేం. ఒకసారి పైకి వెళ్ళింది ఇక ప్రయోగశాల గడప తొక్కదు.

విమానం మాత్రం సాయంత్రానికి దిగుతుంది. ఇక్కడ విమానానికి ఉన్న విలువంతా ఆ ఒక్క విషయంలోనే ఉంది. అందులో పెట్టిన పరికరాన్ని ఎగరబోయే ముందు ప్రయోగశాలలో సరిచూడొచ్చు, తిరిగొచ్చాక మళ్ళీ సరిచూడొచ్చు. మధ్యలో అది ఉపగ్రహం కింద నిలబడి, అదే నేలను అదే నిమిషంలో చూస్తుంది. ప్రయోగశాలలో నిర్ధారించిన కొలత ఉపగ్రహం దాకా చేరడానికి దారి అలా ఏర్పడుతుంది.

ఈ పనికి వాడే పరికరాల్లో ముఖ్యమైనది ఇమేజింగ్ స్పెక్ట్రోమీటర్. మామూలు ఉపగ్రహ కెమెరా కాంతిని కొన్ని పట్టీలుగా మాత్రమే చూస్తుంది. సెంటినెల్-2కి అలాంటివి 13. స్పెక్ట్రోమీటర్ కాంతిని వందల సన్నని పట్టీలుగా విడదీస్తుంది. నేల నుంచి వచ్చిన కాంతి ఒక సన్నని చీలిక గుండా లోపలికి వెళ్ళి, గీతలు చెక్కిన గ్రేటింగ్ మీద పడి రంగులుగా విడిపోయి, చదరపు డిటెక్టర్ మీద పరుచుకుంటుంది. డిటెక్టర్‌లో అడ్డంగా ఉన్న గడులు నేల మీది చోట్లు, నిలువుగా ఉన్న గడులు రంగులు. విమానం ముందుకు కదిలేకొద్దీ వరస తర్వాత వరస నమోదవుతుంది. చివరికి ప్రతి చుక్కకూ ఒక పూర్తి కాంతి రేఖ దొరుకుతుంది.

నాసాకు చెందిన జెట్ ప్రొపల్షన్ లాబొరేటరీ 1980ల్లో అవిరిస్ అనే పరికరాన్ని తయారుచేసింది. 400 నుంచి 2,500 నానోమీటర్ల దాకా 224 పట్టీలు, ఒక్కోటీ సుమారు 10 నానోమీటర్లు. తర్వాతి తరం అవిరిస్-ఎన్‌జీ ఇదే పరిధిని 5 నానోమీటర్ల అడుగుల్లో చదువుతుంది. ఇది మన దేశానికీ వచ్చింది. ఇస్రో, నాసా కలిసి 2015 డిసెంబరు నుంచి 2016 మార్చి దాకా ఇస్రో బి-200 విమానంలో దాన్ని అమర్చి 57 చోట్ల ఎగరేశాయి. 2018లో మళ్ళీ తెచ్చారు. అదే ఏడాది నవంబరు 29న శ్రీహరికోట నుంచి ఇలాగే సన్నని పట్టీల్లో చూసే మన సొంత హైపర్‌స్పెక్ట్రల్ ఉపగ్రహం హైసిస్ వెళ్ళింది.

ఇన్ని పట్టీలు ఎందుకంటే ఆకు గుట్టు సన్నని మలుపుల్లో ఉంటుంది. పత్రహరితం 670-680 నానోమీటర్ల దగ్గర ఎర్ర కాంతిని బాగా మింగేస్తుంది. అక్కడి నుంచి 750 దాకా రేఖ నిటారుగా పైకి లేస్తుంది. ఆ ఎక్కుడు మెట్టును రెడ్ ఎడ్జ్ అంటారు. పైరుకు ఇబ్బంది కలిగినప్పుడు ఈ మెట్టు కొన్ని నానోమీటర్లు ఎడమకు, అంటే తక్కువ తరంగదైర్ఘ్యం వైపు జరుగుతుంది. ఆకులో నీటి సంగతి 970, 1,200 నానోమీటర్ల దగ్గర గుంతలుగా కనిపిస్తుంది. కోరంగి మడ అడవిలో ఉప్పు ఎక్కువై నీరసించిన చెట్టునీ, బాగున్న చెట్టునీ పైనుంచి వేరు చేయాలంటే ఇలాంటి చిన్న మలుపులే ఆధారం.

చిక్కు కూడా అక్కడే ఉంది. చెట్టు జబ్బు కొన్ని నానోమీటర్ల జరుగుడుగా కనిపిస్తుంది. పరికరం కొంచెం వేడెక్కినా, కుదుపుకు గ్రేటింగ్ వెంట్రుకవాసి పక్కకు తొలిగినా కొలత కూడా దాదాపు అంతే పక్కకు జరుగుతుంది. అప్పుడు జరిగింది ఆకులోనా, యంత్రంలోనా?

అందుకే క్యాలిబ్రేషన్, అంటే తెలిసిన ప్రమాణంతో పరికరాన్ని సరిచూడటం, రెండు రకాలుగా చేస్తారు. మొదటిది రంగుల కొలబద్ద. డిటెక్టర్‌లో ఏ గడి ఏ తరంగదైర్ఘ్యాన్ని చూస్తోందో తేల్చడం. ప్రకృతిలో స్థిరంగా ఉండే గీతలతో ఈ పని చేస్తారు. పాదరసం దీపం 546.07 నానోమీటర్ల దగ్గర ఆకుపచ్చ గీతను ఇస్తుంది. హీలియం-నియాన్ లేజర్ 632.8 దగ్గర వెలుగుతుంది. వీటిని చూపించి ఎక్కడ పడ్డాయో రాసుకుంటారు. 10 నానోమీటర్ల పట్టీలున్న పరికరంలో ఈ స్థానం నానోమీటరులో పదో వంతు దాకా తెలియాలి. చీలిక మధ్యలో ఒకలా, అంచుల్లో ఒకలా ఉంటే అదీ చూడాలి. రంగు గీత డిటెక్టర్ మీద తిన్నగా పడకుండా కాస్త వంగి పడితే దాన్ని ఈ రంగంలో స్మైల్ అని పిలుస్తారు.

రెండోది ప్రకాశం కొలత. 1,000 వాట్ల హాలోజెన్ దీపాన్ని, దాని కాంతి ఎంతో జాతీయ ప్రమాణ సంస్థలో నిర్ధారించిన దాన్ని, 50 సెంటీమీటర్ల దూరంలో పెట్టి తెల్ల పలక మీద వేస్తారు. ఆ పలక పడిన కాంతిలో సుమారు 99 శాతం తిప్పి పంపుతుంది. లేదంటే లోపలంతా తెల్లపూత వేసిన పెద్ద గోళాన్ని వాడతారు. గోళం లోపల కాంతి అటూ ఇటూ తగిలి అన్ని దిక్కులా సమానమై బయటికి వస్తుంది. దాన్ని చూపించినప్పుడు ప్రతి గడీ ఇచ్చిన అంకెను రాసుకుంటే గుణకాలు వస్తాయి. ఈ సంఖ్యలకు పెద్దరికం ఇచ్చేది అమెరికాలో ఎన్‌ఐఎస్‌టీ అనే జాతీయ ప్రమాణ సంస్థ, మన దేశంలో ఢిల్లీలోని నేషనల్ ఫిజికల్ లాబొరేటరీ. గొలుసు మొదలయ్యేది అక్కడ.

విమానం పైకి వెళ్ళాక పరిస్థితి మారుతుంది. చల్లదనం, తక్కువ పీడనం, ఇంజిన్ల వణుకు. ప్రయోగశాలలో తేలిన కొలబద్ద పైన నిలబడిందో లేదో చూడాలిగా. దానికి ఆకాశమే సాయం చేస్తుంది. గాలిలోని ఆక్సిజన్ 760 నానోమీటర్ల దగ్గర కాంతిని పదునుగా మింగేస్తుంది. నీటి ఆవిరి 940, 1,140 దగ్గర మింగుతుంది. ఈ గుంతల చోట్లు ఎన్నటికీ మారవు. కొలిచిన రేఖలో ఆక్సిజన్ గుంత 760 దగ్గర కాక 761 దగ్గర కనబడితే పరికరం ఒక నానోమీటరు జరిగినట్టే. దీన్ని పట్టించుకోకుండా వాతావరణం ప్రభావాన్ని తీసేస్తే, పైరు రేఖలో ఆక్సిజన్ చోట ఒక ఉత్తుత్తి ముల్లు, పక్కనే ఒక ఉత్తుత్తి గుంత మిగిలిపోతాయి. రెడ్ ఎడ్జ్ ముగిసే చోటుకి అది పది నానోమీటర్ల దూరమే. మొక్కల గురించి చదివే చోటే యంత్రం తప్పు వచ్చి కూర్చుంటుందన్నమాట.

ఇక అసలు ఘట్టం, ఉపగ్రహం కింద విమానం ఎగరడం. 2000 నవంబరులో నాసా ఈవో-1 అనే ఉపగ్రహాన్ని పంపింది. అందులోని హైపీరియన్ అంతరిక్షంలో పనిచేసిన తొలితరం ఇమేజింగ్ స్పెక్ట్రోమీటర్లలో ఒకటి. 2001లో అర్జెంటీనాలోని అరిజారో అనే ఉప్పు మైదానం మీదుగా హైపీరియన్ వెళ్తుంటే కింద అవిరిస్‌ను ఎగరేశారు. నేల మీద ఒక బృందం చేతి స్పెక్ట్రోమీటర్లతో ఉప్పు తెల్లదనాన్ని కొలిచింది. నేల, విమానం, ఉపగ్రహం మూడూ ఒకే చోటును చూశాయి. హైపీరియన్ రంగుల కొలబద్ద, ప్రకాశం కొలత రెండూ పైన ఎలా ఉన్నాయో ఆ పోలిక నుంచి తేల్చారు.

వినడానికి తేలిక. చేయడం కష్టం. విమానంలోని స్పెక్ట్రోమీటర్ 4 మీటర్ల చుక్కలు తీస్తే, ఉపగ్రహం 30 మీటర్ల చుక్క ఒక్కదాంట్లో అవి దాదాపు 56 పడతాయి. వాటిని సరిగ్గా అదే చోటున పేర్చి సగటు తీయాలి. ఒక్క చుక్క పక్కకు జరిగినా గట్టు మీది కొబ్బరిచెట్టు లెక్కలో కలుస్తుంది. తర్వాత వందల సన్నని పట్టీలను ఉపగ్రహం వెడల్పు పట్టీ స్పందన ప్రకారం కలిపి, ఆ ఉపగ్రహమే చూసి ఉంటే ఎంత చూసేదో గణించాలి. విమానానికీ ఉపగ్రహానికీ మధ్యనున్న గాలిని లెక్కలోకి తీసుకోవాలి. నాసా ఈఆర్-2 విమానం దాదాపు 20 కిలోమీటర్ల ఎత్తున ఎగురుతుంది. వాతావరణ ద్రవ్యరాశిలో సుమారు 95 శాతం దాని కిందే ఉంటుంది కాబట్టి పైన మిగిలేది తక్కువ. 8 కిలోమీటర్ల ఎత్తున ఎగిరే విమానానికి పైన ఇంకా మూడో వంతు గాలి మిగులుతుంది. సమయం కూడా ముఖ్యం. అరగంట తేడా వస్తే సూర్యుడి కోణం మారుతుంది. ఎడారిలో అది సర్దుకోవచ్చు. నీళ్ళు నిలిచిన వరి మడిలో ఒక కోణం నుంచి చూస్తే ఆకుల సందుల్లో నీటి మెరుపు కొడుతుంది, ఇంకో కోణం నుంచి చూస్తే కొట్టదు.

మరి ఇలాంటి పనికి గోదావరి డెల్టా సరిపోతుందా? క్యాలిబ్రేషన్ స్థలంగా అయితే సరిపోదు. దానికి కావలసింది తెల్లగా, చదునుగా, కిలోమీటర్ల కొద్దీ ఒకేలా ఉండి, పొడి గాలి, మబ్బులేని ఆకాశం ఉన్న నేల. అందుకే ప్రపంచమంతా నెవాడాలోని రైల్‌రోడ్ వ్యాలీకో, నమీబియాలోని గొబాబెబ్‌కో వెళ్తుంది. మన వాళ్ళు నేల సెన్సార్ల కోసం కచ్ రణ్‌లోని దేసల్పర్‌ను, సముద్రం చూసే సెన్సార్ల కోసం లక్షద్వీప్‌లోని కవరత్తిని వాడతారు. కోనసీమలో ఒక ఎకరం వరి, దాని గట్టున కొబ్బరి, పక్కన రొయ్యల చెరువు, దాని పక్కన కాలువ. గాలిలో తేమ. సార్వా కాలమంతా మబ్బు. సూర్యకాంతితో చూసే ఆప్టికల్ ఉపగ్రహాలు నిజంగా పనికొచ్చేది డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా, దాళ్వాకే. సార్వా కోసం మబ్బుల్లోంచి చూసే రాడార్ ఉపగ్రహాలు కావాలి. అది వేరే కథ.

క్యాలిబ్రేషన్‌లో తప్పు జరిగితే ఎక్కువ నష్టపోయే నేల మాత్రం ఇలాంటిదే. తెల్లటి ఎడారిలో సరిచూసిన గుణకం నల్లటి నీటి మీద కూడా అంతే సరిగ్గా ఉంటుందన్న హామీ లేదు. డిటెక్టర్ వెలుగులో ఒకలా, చీకట్లో కాస్త వేరేలా స్పందించవచ్చు. ప్రకాశవంతమైన మబ్బు నుంచి, ఇసుక తిన్నె నుంచి దారితప్పిన కాంతి పరికరం లోపలే పక్కనున్న చీకటి నీటి గడిలోకి చిందుతుంది. నీటి దగ్గర ఈ సమస్య ఎంత తీవ్రమో కాస్త వివరంగా చెప్పాలి.

సముద్రం మీదుగా వెళ్తున్న ఉపగ్రహానికి చేరే కాంతి 100 పాళ్ళనుకుంటే, అందులో సుమారు 90 పాళ్ళు గాలి, దుమ్ము, ఆవిరి చెదరగొట్టినవే. నీటి లోపలికి వెళ్ళి బయటికి వచ్చిన కాంతి దాదాపు 10 పాళ్ళు. ఆ పదిలోనే నాచు ఎంత, బురద ఎంత అన్న సమాచారమంతా ఉంది. ఇప్పుడు సెన్సార్ 2 శాతం ఎక్కువ చదివిందనుకోండి. 102 వస్తుంది. గాలి వాటా 90 తీసేస్తే 12 మిగులుతుంది. పైన 2 శాతం పొరపాటు కింద నీటి లెక్కలో 20 శాతం అయింది. నీటి కాంతిని 5 శాతంలోపు తప్పుతో తెలుసుకోవాలంటే పైన సెన్సార్ కొలత 0.5 శాతం దాకా సరిగ్గా ఉండాలని సముద్ర శాస్త్రజ్ఞులు లక్ష్యం పెట్టుకున్నది ఇందుకే. భూమిని చూసే సెంటినెల్-2కి పెట్టుకున్న షరతు 5 శాతం, వీలైతే 3. ఆ ఉపగ్రహం చిత్రాలతో గౌతమి నీటి నాణ్యత మీద ప్రాజెక్టు చేసేవాళ్ళు ఈ రెండు అంకెల మధ్య దూరాన్ని గుర్తుపెట్టుకోవాలి.

ఆ 0.5 శాతం ఎలా సాధిస్తారు? ఒక దారి హవాయి దీవుల్లో లనాయ్ దగ్గర 1997 నుంచి తేలుతున్న మోబీ అనే బోయా. ఉపగ్రహం వెళ్ళే వేళకు అది నీటి కాంతిని నీటిలోనే కొలుస్తుంది. ఆ కొలతకు సరిపోయేలా ఉపగ్రహం గుణకాలను సవరిస్తారు. ఇంకో దారి మళ్ళీ విమానాలే. 2024 ఫిబ్రవరి 8న వెళ్ళిన, సముద్రపు రంగును చూసే పేస్ ఉపగ్రహాన్ని సరిచూడటానికి నాసా అదే ఏడాది సెప్టెంబరులో కాలిఫోర్నియా తీరంలో ఈఆర్-2తో పాటు తక్కువ ఎత్తులో ఎగిరే మరో విమానాన్నీ, పడవలనూ కలిపి పనిచేయించింది.

హవాయి నీలినీళ్ళకు సవరించిన గుణకం గోదావరి ఎర్రనీటికి ఎంతవరకు పనిచేస్తుందన్నది నాకు అన్నిటికంటే ముఖ్యంగా కనిపించే ప్రశ్న. జులై, ఆగస్టుల్లో వరద వస్తే ధవళేశ్వరం గేట్లు ఎత్తుతారు. ఎర్రనీరు లంకలను ముంచి, యానాం, భైరవపాలెం దాటి సముద్రంలోకి చాలా దూరం పరుచుకుంటుంది. స్వచ్ఛమైన సముద్రపు నీరు సమీప పరారుణ కాంతిని దాదాపు పూర్తిగా మింగేస్తుంది. కాబట్టి ఆ పట్టీలో ఉపగ్రహానికి ఏమైనా కాంతి కనిపిస్తే అదంతా గాలిదే అనుకుని, దాన్నిబట్టి మిగతా పట్టీల్లో గాలి వాటా లెక్కగట్టి తీసేస్తారు. బహిరంగ సముద్రంలో ఈ పద్ధతి బాగా నడుస్తుంది. గోదావరి మొగ దగ్గర నడవదు. అక్కడ బురద రేణువులు పరారుణ కాంతిని కూడా తిప్పి పంపుతాయి. లెక్క చేసే ప్రోగ్రామ్ ఆ బురదను పొగమంచు అనుకుంటుంది. లేని పొగమంచును నీలం పట్టీలోంచి తీసేస్తుంది. చివరికి నీలం పట్టీలో నీటి పరావర్తనం సున్నా కంటే తక్కువ రావచ్చు. ఏ నీరూ ఋణ సంఖ్యలో వెలుగును పంపదు కదా! దీనికి మందుగా మరింత పొడవైన తరంగదైర్ఘ్యాలను, 1,600, 2,200 నానోమీటర్ల దగ్గరి పట్టీలను వాడతారు. బురదనీరు కూడా అక్కడ చాలావరకు నల్లగానే ఉంటుంది. కానీ ఆ పట్టీల్లో వచ్చే సంకేతం బలహీనం కాబట్టి వాటి క్యాలిబ్రేషన్ ఇంకా పదునుగా ఉండాలి.

కోరంగి పాయల్లో ఇంకో రకం ఇబ్బంది. సన్నని పాయకు రెండు వైపులా దట్టమైన మడ. ఆ ఆకులు పరారుణ కాంతిని బలంగా తిప్పి పంపుతాయి. అందులో కొంత గాలిలో చెదిరి నీటి చుక్క నుంచి వచ్చినట్టుగా ఉపగ్రహానికి చేరుతుంది. పైనుంచి చూస్తే పాయ నిండా నాచు ఉన్నట్టు అనిపిస్తుంది. ఇక్కడ తక్కువ ఎత్తులో ఎగిరే స్పెక్ట్రోమీటర్ చాలా తేడా చూపించగలదు. దాని చుక్క చిన్నది, మధ్యలో గాలి తక్కువ, వందల పట్టీల్లో ఆకు సంతకాన్నీ నాచు సంతకాన్నీ విడదీసే అవకాశం ఎక్కువ. అదే చోటు మీద ఉపగ్రహం చిత్రాన్ని పక్కన పెడితే, పక్క చెట్ల నుంచి ఎంత కాంతి చొరబడుతోందో లెక్క కట్టొచ్చు.

అన్నిటికీ ఇంత కచ్చితత్వం అవసరం లేదని కూడా చెప్పాలి. ఉప్పాడ తీరం ఎంత కోతకు గురైందో చూడాలంటే నీటికీ నేలకూ మధ్య గీత ఎక్కడుందో తెలిస్తే చాలు. ప్రకాశం 5 శాతం అటూ ఇటూ అయినా ఆ గీత పెద్దగా కదలదు. అక్కడ అలలు, పోటు పాట్లు పెట్టే చిక్కులే ఎక్కువ. వరద నీరు ఏ లంకల మీదికి వచ్చిందో గుర్తించడానికీ అంతే. కానీ మడ అడవి పదేళ్ళలో బలపడిందా, నీరసించిందా అని అడిగితే, వరి దిగుబడి పక్క మండలం కంటే 5 శాతం తక్కువా అని అడిగితే, మొగ దగ్గర బురద ఏటికేడు తగ్గుతోందా అని అడిగితే క్యాలిబ్రేషన్ లేకుండా జవాబు చెప్పకూడదు. వెతికే మార్పు పరిమాణం, సెన్సార్ చేయగల తప్పు పరిమాణం రెండూ ఒకటే అయిన ప్రశ్నలివి.

గోదావరి మొగలో ఉపగ్రహం వెళ్ళే వేళకు పడవ మీంచి నీటి కాంతిని కొలిచే అలవాటు నిలకడగా సాగాలని నాకు బలంగా అనిపిస్తుంది. దానికి కావలసింది చేతి స్పెక్ట్రోమీటర్, తెల్ల పలక, గాలిలో దుమ్మును కొలిచే సన్ ఫోటోమీటర్, బురద బరువు చూడటానికి నీటి సీసాలు. పడవ నీడ పడకుండా, సూర్యుడి మెరుపు కొట్టకుండా పరికరాన్ని సూర్యుడికి పక్కగా, ఏటవాలుగా పట్టుకుని నీటినీ, ఆకాశాన్నీ, పలకనూ వరసగా కొలవాలి. ఎర్రనీటి రోజుల్లో ఒకటి, చలికాలపు తేట నీటి రోజుల్లో ఒకటి చొప్పున కొలతలు పోగుపడినా, ఉపగ్రహాల లెక్క ఏ నీటి మీద ఎంత తప్పుతోందో పట్టుకోవచ్చు. విమానంలో స్పెక్ట్రోమీటర్ ఇటువైపు ఎగిరినప్పుడు కింద పోల్చుకోవడానికి నమ్మదగిన కొలత సిద్ధంగా ఉంటుంది.

ఈలోగా కాకినాడలోనో, భీమవరంలోనో ల్యాప్‌టాప్ ముందు కూర్చుని డెల్టా మీద ప్రాజెక్టు చేస్తున్న విద్యార్థులు ఇంట్లోంచే చేయగల జాగ్రత్త ఒకటుంది. డౌన్‌లోడ్ చేసిన చిత్రం ఏ కలెక్షన్‌ది, ఏ ప్రాసెసింగ్ వెర్షన్‌ది అన్నది చూడాలి. మోడిస్ పాత కలెక్షన్‌నూ కొత్త కలెక్షన్‌నూ కలిపి ఒకే గ్రాఫు గీయకూడదు. లాండ్‌శాట్ అయితే మొత్తం కలెక్షన్ 2 లోంచే తీసుకోవాలి. సెంటినెల్-2 దగ్గర మరీ జాగ్రత్త. 2022 జనవరి 25 నుంచి దాని ప్రాసెసింగ్ మారింది. చాలా చీకటిగా ఉన్న చోట్ల ఋణ విలువలు తెగిపోకుండా ప్రతి అంకెకూ 1,000 కలిపి ఇస్తున్నారు. పరావర్తనం లెక్కగట్టే ముందు ఆ 1,000 తీసేయాలి. తీసేయకపోతే మొదట చెప్పిన ఆ చేనులోనే ఎర్ర పట్టీ 500 బదులు 1,500 అవుతుంది, పరారుణం 4,000 బదులు 5,000 అవుతుంది. ఎన్‌డీవీఐ 0.78 నుంచి 0.54కి పడుతుంది. 2021 దాళ్వా బ్రహ్మాండంగా, 2022 దాళ్వా ఘోరంగా కనిపిస్తుంది. గూగుల్ ఎర్త్ ఇంజిన్ వాడేవాళ్ళు హార్మనైజ్డ్ అని పేరున్న సెంటినెల్-2 కలెక్షన్ ఎంచుకుంటే ఆ తీసివేత ముందే జరిగి ఉంటుంది. నేరుగా ఫైళ్ళు దించుకునేవాళ్ళు చిత్రంతో పాటు వచ్చే మెటాడేటా (వివరాల) ఫైలు తెరిచి ఆఫ్‌సెట్ విలువ, అంటే ఈ సవరణ అంకె, ఎంతుందో చూసి, దాన్ని లెక్కలోకి తీసుకున్నాకే సూచిక కట్టాలి.